ఏడు నిమిషాల నుంచి ముప్పై సెకన్లకు: భారత్-పాక్ అణుముప్పు మారిన తీరు

2022 మార్చి 9, సాయంత్రం 6 గంటల 43 నిమిషాలకు పాకిస్థాన్ వైమానిక దళం రాడార్ మీద ఒక చుక్క కదిలింది. భారత్ లోపలి నుంచి మహావేగంతో వస్తోంది. కొంతదూరం ఒక దిశలో పోయి, ఉన్నట్టుండి పాకిస్థాన్ వైపు మళ్లింది. 6:50కి పాక్ పంజాబ్‌లోని మియాన్ చన్నూ దగ్గర కూలింది. సరిహద్దు నుంచి 124 కిలోమీటర్ల లోపల. వార్‌హెడ్, అంటే ముక్కులో ఉండే పేలుడు భాగం, లేదు కాబట్టి కొంత ఆస్తినష్టంతో పోయింది, ఎవరి ప్రాణమూ పోలేదు.

అది బ్రహ్మోస్ క్రూయిజ్ క్షిపణి, అంటే విమానంలా గాలిలో ఎగురుతూ పోయే రకం. ప్రయోగించమని ఎవరూ ఆదేశించలేదు. మామూలు నిర్వహణ, తనిఖీల సమయంలో పొరపాటున దూసుకుపోయిందని భారత ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఆ ఆగస్టులో ముగ్గురు వైమానిక దళ అధికారులను ఉద్యోగాల నుంచి తొలగించారు. తర్వాత ఢిల్లీ హైకోర్టులో నడిచిన కేసులో అసలు లోపం బయటికొచ్చింది: లాంచర్ వాహనం మీదున్న క్షిపణుల కాంబాట్ కనెక్టర్లు జంక్షన్ బాక్సుకు తగిలించే ఉన్నాయి. తుపాకీ తుడుస్తూ లోపల తూటా ఉంచేయడం లాంటి పని. ఖజానాకు 24 కోట్ల రూపాయలు నష్టమని కూడా అక్కడే తేలింది.

పాకిస్థాన్ తిరిగి ఏమీ ప్రయోగించలేదు. మర్నాడు, మార్చి 10న, ఆ దేశ సైనిక ప్రతినిధి విలేకరుల సమావేశం పెట్టి సంగతి చెప్పారు. పొరపాటు మాదేనని భారత్ ప్రకటించింది మార్చి 11న. అప్పటికి నియంత్రణ రేఖ వెంబడి 2021 ఫిబ్రవరి నాటి కాల్పుల విరమణ నడుస్తోంది, రెండువైపులా ఊపిరి పీల్చుకుంటున్న కాలమది. అదే క్షిపణి 2019 ఫిబ్రవరి 27 సాయంత్రం, భారత పైలట్ పాక్ చేతిలో బందీగా ఉన్న వేళ, అదే దారిలో పోయి ఉంటే? చుక్క అదే, వేగం అదే. దాన్ని చూసే కళ్లు మాత్రం వేరుగా ఉండేవి.

మూడేళ్ల తర్వాత ఆ ప్రశ్నకు సగం జవాబు దొరికింది. 2025 మే 10 తెల్లవారుజామున రావల్పిండిలోని నూర్‌ఖాన్ వైమానిక స్థావరం మీద భారత క్షిపణులు పడ్డాయి. వచ్చిన బ్రహ్మోస్‌లో అణు వార్‌హెడ్ ఉందో లేదో తేల్చుకోవడానికి తమ సైన్యానికి 30 నుంచి 45 సెకన్లే దొరికాయని పాక్ ప్రధాని సలహాదారు రాణా సనావుల్లా ఆ జులైలో ఒక టీవీ చర్చలో చెప్పారు. రాజకీయ నాయకుడి మాట కాబట్టి కొంత తరుగు తీసేయవచ్చు. అయితే లెక్క వేసి చూస్తే ఆ మాట మరీ గాల్లోంచి వచ్చింది కాదని అర్థమవుతుంది.

నేల మీది రాడార్ ఎంత శక్తిమంతమైనదైనా భూమి వంపు అవతలికి చూడలేదు. రాడార్ 30 మీటర్ల ఎత్తులో, క్షిపణి చివరి దశలో 15 మీటర్ల ఎత్తులో ఉంటే, అవి ఒకదానికొకటి కనపడే గరిష్ఠ దూరం 38 కిలోమీటర్లకు అటూ ఇటూ. బ్రహ్మోస్ ధ్వని కన్నా దాదాపు 2.8 రెట్ల వేగంతో పోతుంది, అంటే సెకనుకు 950 మీటర్లు. 38ని 0.95తో భాగిస్తే 40 సెకన్లు. ఆకాశంలో తిరిగే నిఘా విమానం ఉంటే ముందే పసిగట్టవచ్చు, లేకపోతే ఇంతే. 40 సెకన్లలో ఫోను ఎత్తి 'హలో' అనడమే కష్టం.

అణుయుద్ధం అనగానే జనం కళ్లముందు కదిలేది ఒక పిచ్చి పాలకుడు, ఒక ఎర్ర బటన్. ఉపఖండంలో ప్రమాదం ఆ రూపంలో లేదు. ఇక్కడ రెండువైపులా ఉన్నది లెక్కలు వేసుకునేవాళ్లే. వాళ్లు అవతలి కదలికను తప్పుగా చదివే అవకాశం, ఆ తప్పు దిద్దుకునేంత సమయం లేకపోవడం, ఈ రెండూ కలిసినచోటే ముప్పు. గత పాతికేళ్లలో కొన్న, తయారు చేసిన ఆయుధాల్లో చాలావరకు ఆ సమయాన్ని కోసేవే.

గుంటూరు-విజయవాడ దూరంలో

వాఘా గేటు నుంచి లాహోర్ పాతిక కిలోమీటర్లు. ఇవతల అమృత్‌సర్ ముప్పై. గుంటూరు నుంచి విజయవాడ పోయినంత. అమెరికా, రష్యాల మధ్య ఖండాంతర క్షిపణికి అరగంట పడుతుంది. ఆ అరగంటను నమ్ముకునే వాళ్ల హెచ్చరిక ఉపగ్రహాలు, హాట్‌లైన్లు, అధ్యక్షుడి వెంట తిరిగే బ్రీఫ్‌కేసు అన్నీ పుట్టాయి. రావల్పిండి నుంచి ఢిల్లీ నేరుగా 680 కిలోమీటర్లు. విసిరిన రాయిలా పైకి లేచి కిందికి పడే బాలిస్టిక్ క్షిపణికి ఏడెనిమిది నిమిషాలు. 300 కిలోమీటర్ల దూరమైతే ఐదు నిమిషాల లోపే.

ఆ ఏడెనిమిది నిమిషాలూ చేతిలో ఉండవు. క్షిపణి దిగంతం పైకి లేచేదాకా రాడార్‌కు కనపడదు. కనపడ్డాక అది పక్షుల గుంపో, విమానమో, నిజంగా క్షిపణో తేల్చాలి. ఎక్కడ పడుతుందో గణించాలి. ఒకటా, పదా? ఆ సంగతి అధికార శ్రేణిలో పైకి పోవాలి, ప్రధాని ఎక్కడున్నారో చూడాలి, అవతల ఎవరు మాట్లాడుతున్నారో ధ్రువీకరించుకోవాలి. ఇదంతా సాఫీగా జరిగినా నిర్ణయానికి మిగిలేది రెండు మూడు నిమిషాలు. అందుకే దక్షిణాసియాలో 'హెచ్చరిక రాగానే తిరిగి ప్రయోగించడం' అనే పద్ధతి ఆచరణలో అసాధ్యం, దాన్ని ప్రయత్నించే దేశం పొరపాటున యుద్ధం మొదలుపెట్టే అవకాశమే ఎక్కువ. దాడిని భరించి, తర్వాత తీరిగ్గా బదులివ్వగలననే ధీమా ఉన్నవాడే ఇక్కడ తొందరపడకుండా ఉండగలడు.

దక్షిణాదికి యుద్ధం రాదన్నది మనవైపు పాత నమ్మకం. 1965లో, 1971లో అది చాలావరకు నిజమే, 1971లో విశాఖ తీరంలో ఘాజీ జలాంతర్గామి మునగడం మినహాయింపు. ఇప్పుడు కరాచీ నుంచి గీత గీస్తే హైదరాబాద్ దాదాపు 1,450 కిలోమీటర్లు, విశాఖపట్నం 1,850. పాకిస్థాన్ 2015లో పరీక్షించిన షాహీన్-3 పరిధి 2,750. అండమాన్, నికోబార్ దీవులను కూడా అందుకోవాలనే అంత పరిధి పెట్టామని ఆ దేశ అణు వ్యవస్థను ఏళ్ల తరబడి నడిపిన ఖాలిద్ కిద్వాయ్ బాహాటంగానే చెప్పారు. క్షిపణి ప్రయోగశాలలు, అణు ఇంధన సముదాయం హైదరాబాద్‌లో, అణు జలాంతర్గాముల నిర్మాణం విశాఖలో ఉన్నాయి కాబట్టి ఆ రెండు ఊళ్లనూ అవతలివాళ్లు మ్యాపులో వదిలేసి ఉంటారని అనుకోలేం.

ఒకదానికొకటి అతకని రెండు సిద్ధాంతాలు

భారత్ 1974 మే 18న, మళ్లీ 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పరీక్షలు జరిపింది. పాకిస్థాన్ 1998 మే 28, 30 తేదీల్లో బలూచిస్థాన్‌లో బదులిచ్చింది. 2025 ఆరంభానికి భారత్ వద్ద సుమారు 180, పాక్ వద్ద సుమారు 170 వార్‌హెడ్‌లు ఉన్నాయని స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ, సిప్రి, అంచనా. సంఖ్యల్లో ఇద్దరూ దాదాపు సమానం. తేడా అంతా వాటిని ఎందుకు ఉంచుకున్నారనే దాంట్లో ఉంది.

భారత్ మాట 2003 జనవరి 4 నాటి కేబినెట్ భద్రతా కమిటీ ప్రకటనలో రాసి ఉంది. ముందుగా అణ్వాయుధం వాడం. మన గడ్డ మీద గానీ, ఎక్కడున్నా మన సైన్యం మీద గానీ అణుదాడి జరిగితే మాత్రం అవతలివాళ్లు భరించలేనంత నష్టం కలిగేలా భారీగా తిప్పికొడతాం. అనుమతి ఇచ్చే అధికారం ప్రధాని అధ్యక్షతన ఉండే రాజకీయ మండలిదే. జీవ, రసాయన ఆయుధాలతో పెద్ద దాడి జరిగితే అణ్వాయుధం వాడే హక్కు అట్టే పెట్టుకుంటాం. 2019 ఆగస్టు 16న పోఖ్రాన్‌లో రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్, ఇప్పటిదాకా ముందుగా వాడం అన్నదే మా సిద్ధాంతమని, రేపటి సంగతి పరిస్థితుల మీద ఆధారపడుతుందని అన్నారు. విధానం కాగితం మీద మారలేదు, కానీ ఆ వాక్యాన్ని పాక్ సైన్యం ప్రధాన కార్యాలయం ఉన్న రావల్పిండిలో కత్తిరించి భద్రపరుచుకుని ఉంటారు.

పాకిస్థాన్ అలాంటి పత్రమేదీ ప్రకటించలేదు. సంప్రదాయ యుద్ధంలో పెద్ద పొరుగుదేశాన్ని ఆపలేను కాబట్టి అణ్వాయుధం నాకు గోడ అన్నది దాని లెక్క. 2002లో ఇటలీ పరిశోధకులతో మాట్లాడుతూ కిద్వాయ్ నాలుగు గీతలు గీశారు: భారత్ తమ భూభాగంలో పెద్ద భాగం ఆక్రమిస్తే, తమ సైన్యంలో లేదా వైమానిక దళంలో పెద్ద భాగాన్ని ధ్వంసం చేస్తే, ఆర్థికంగా గొంతు నులిమితే, దేశంలోపల అస్థిరత రేపితే. ఎంత భాగం? ఏ మేరకు? చెప్పలేదు, చెప్పరు. గీత ఎక్కడుందో తెలియకపోతేనే అవతలివాడు దూరంగా ఆగుతాడన్నది ఈ వ్యూహం. దీని లోపం కూడా అందులోనే ఉంది. కనపడని గీతను పొరపాటున తొక్కేయవచ్చు. 2025 ఏప్రిల్ 23న భారత్ సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టినప్పుడు, నీళ్లు ఆపడమంటే యుద్ధమేనని పాక్ ప్రకటించింది. గొంతు నులమడం అనే గీత కిందికి నది కూడా వస్తుందా రాదా అన్నది ఇప్పుడు ఊహాత్మక ప్రశ్న కాదు.

2001 డిసెంబర్ 13 పార్లమెంటు దాడి తర్వాత భారత్ 'పరాక్రమ్' పేరుతో సైన్యాన్ని కదిలించింది. ప్రధాన దాడి దళాలు లోతట్టు కంటోన్మెంట్ల నుంచి సరిహద్దుకు చేరడానికి మూడు వారాలు పట్టింది. ఆలోపు పాక్ సర్దుకుంది, అమెరికా రంగంలోకి దిగింది. పది నెలలు ఎదురెదురుగా నిలబడి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ అనుభవంలోంచి 2004లో 'కోల్డ్ స్టార్ట్' అనే ఆలోచన పుట్టింది: సరిహద్దు దగ్గరే చిన్న, చురుకైన దళాలు ఉంచి, రోజుల్లోనే లోపలికి చొచ్చుకుపోయి, అణు గీత తాకకముందే ఆగడం. పాక్ దీనికి 2011 ఏప్రిల్‌లో విరుగుడు చూపింది. నస్ర్ అనే చిన్న క్షిపణి, పరిధి 60 కిలోమీటర్లు, తర్వాత 70కి పెంచారు. లారీ మీద నాలుగు గొట్టాలు. లోపలికి వచ్చిన భారత ట్యాంకుల మీద, పాక్ నేల మీదే, చిన్న అణుబాంబు వేయడానికి.

ఈ నస్ర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మొత్తం వ్యవస్థలో బలహీనమైన బిగింపు ఇదే. పరిధి 60-70 కిలోమీటర్లే కాబట్టి లాంచర్ యుద్ధరంగానికి దగ్గరగా ఉండాలి. అంటే సంక్షోభం ముదిరే మొదటి రోజుల్లోనే వార్‌హెడ్ నిల్వ గదిలోంచి బయటికి రావాలి. బయటికొస్తే డ్రోన్లకు, ఉపగ్రహాలకు కనపడుతుంది, బాంబు దాడిలో పోవచ్చు, దొంగల పాలవ్వచ్చు. పోగొట్టుకునే ముందే వాడేద్దామనే ఒత్తిడి ముందువరస కమాండర్ మీద పడుతుంది. ప్రయోగ నిర్ణయం కేంద్రం చేతిలోనే ఉంటుందని పాక్ చెబుతుంది. కానీ రేడియో జామింగ్ జరుగుతున్న యుద్ధరంగంలో ఆ ఆదేశం అందకపోతే ఆయుధం దండగ, ముందే అధికారం ఇచ్చేస్తే ఒక అధికారి భయం చేతిలో దేశం భవిష్యత్తు. సైనికంగా చూసినా పెద్ద లాభం లేదు. చెదురుగా కదిలే ట్యాంకుల వరసలో ఒక చిన్న బాంబు తాకేది కొన్నింటినే. దళాన్ని నిజంగా ఆపాలంటే అలాంటివి చాలా కావాలి, అవన్నీ పాక్ పంజాబ్ పొలాల మీదే పడాలి.

మరి ఇవతల? సొంత గడ్డ మీదికి వచ్చిన ట్యాంకు దళం మీద పాక్ ఒక చిన్న బాంబు వేసిందనుకుందాం. మన సిద్ధాంతం ప్రకారం బదులు భారీగా ఉండాలి, అంటే నగరాలు. కొన్ని వందల సైనికుల నష్టానికి లాహోర్‌ను కాల్చి, బదులుగా ఢిల్లీని పణం పెట్టే ప్రధాని ఉంటాడా? ఉండడని రావల్పిండి నమ్మితే నస్ర్ వాడే ధైర్యం వస్తుంది. ఉంటాడని నమ్మితే, ఎలాగూ అంతా పోయేదే కదా, మొదటే పెద్దవి ప్రయోగిద్దామనే ఆలోచన వస్తుంది. రెండు దారులూ చెడ్డవే. పదే పదే బెదిరించడం వల్ల బెదిరింపుకు విలువ పెరగదు.

పెట్టె, జలాంతర్గామి, దామగుండం

అణ్వాయుధాన్ని భద్రపరిచేవాళ్లకు రెండు పరస్పర విరుద్ధమైన పనులు. ఆదేశం వస్తే తప్పకుండా పేలాలి, రాకపోతే ఎట్టి పరిస్థితిలోనూ పేలకూడదు. చాలాకాలం రెండు దేశాలూ రెండో పనికే మొగ్గు చూపాయి. వార్‌హెడ్ ఒకచోట, క్షిపణి ఇంకోచోట, వాటిని కలపడానికి వేర్వేరు సంస్థల మనుషులు రావాలి. ఈ ఆలస్యమే అసలైన రక్షణ. మియాన్ చన్నూ ఘటనలో కనెక్టర్ తగిలించే ఉండటం సంప్రదాయ క్షిపణి విషయంలో 24 కోట్ల నష్టంతో పోయింది. వార్‌హెడ్, క్షిపణి విడిగా ఉన్నచోట అలాంటి మతిమరుపుతో అణుప్రమాదం జరగడం దాదాపు అసాధ్యం.

ఆ ఎడం ఇప్పుడు తగ్గుతోంది. అగ్ని-ప్రైమ్, అగ్ని-5 క్షిపణులు సీలు వేసిన గొట్టంలో, అంటే కానిస్టర్‌లో ఉంటాయి. దుమ్ము, తేమ తగలదు, ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, రోడ్డు మీద తిప్పవచ్చు, నిమిషాల్లో ప్రయోగించవచ్చు. అంత త్వరగా ప్రయోగించాలంటే వార్‌హెడ్ ముందే లోపల ఉండాలి. శాంతికాలంలోనే కొన్ని వార్‌హెడ్‌లను క్షిపణులకు జతచేసే దిశగా భారత్ కదులుతూ ఉండవచ్చని సిప్రి అంచనా వేస్తోంది. 2024 మార్చి 11న అగ్ని-5ను ఒకేసారి పలు లక్ష్యాల మీదికి వార్‌హెడ్‌లు పంపేలా పరీక్షించారు. ఇది చైనాను దృష్టిలో పెట్టుకుని చేసిన పని. దాన్ని చూసేది మాత్రం పాకిస్థాన్ కూడా. చైనా కోసం భారత్ ఒక అడుగు, భారత్ కోసం పాక్ ఒక అడుగు, ఇదొక గొలుసు.

జలాంతర్గామిలో అయితే విడిగా ఉంచే వీలే లేదు. అరిహంత్ 2016లో, అరిఘాత్ 2024 ఆగస్టు 29న విశాఖలో నౌకాదళంలో చేరాయి. వీటికోసం అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర ప్రత్యేక స్థావరం సిద్ధమవుతోంది. సముద్రంలో దాక్కున్న ఆయుధం మొదటి దాడిలో నాశనం కాదు, కాబట్టి ఢిల్లీకి తొందరపడాల్సిన అవసరం తగ్గుతుంది. ఈ మేరకు ఇది స్థిరత్వానికి మేలు చేసే ఆయుధమే. కానీ నీటి అడుగున ఉన్న కెప్టెన్‌కు ఆదేశం ఎలా అందుతుంది? మామూలు రేడియో తరంగం ఉప్పునీటిలోకి అంగుళాల లోతు కూడా సరిగా దిగదు. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే అతి తక్కువ పౌనఃపున్యం తరంగాలే పది ఇరవై మీటర్ల దాకా దిగుతాయి. ఆ తరంగం పొడవు పది నుంచి వంద కిలోమీటర్లు, దాన్ని పంపడానికి వందల ఎకరాల్లో యాంటెన్నాలు కావాలి. తమిళనాడులోని తిరునెల్వేలి దగ్గర అలాంటి కేంద్రం ఒకటి ఉంది. రెండోది వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో వస్తోంది.

దామగుండం గొడవ మన పత్రికల్లో చెట్ల గొడవగానే నడిచింది. దాదాపు 2,900 ఎకరాల రిజర్వు అటవీభూమి, మూసీ పుట్టే అనంతగిరి కొండల పక్కనే. చెట్ల గురించి స్థానికులు ఆందోళన చేయడం న్యాయమే. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగిన ఆ కేంద్రం అసలు పనేమిటన్న చర్చ మాత్రం పెద్దగా జరగలేదు. దేశం చివరి అణు ఆదేశం వెళ్లగల గొంతుల్లో అది ఒకటి అవుతుంది. యుద్ధం వస్తే ముందుగా నొక్కాలని చూసేది గొంతునే.

మెట్టు మీద మెట్టు

1999 కార్గిల్‌లో పాక్ సైనికులు నియంత్రణ రేఖ దాటి వచ్చి కూర్చున్నా వాజ్‌పేయీ ప్రభుత్వం విమానాలను రేఖ దాటనివ్వలేదు. దానివల్ల ప్రాణనష్టం పెరిగింది, యుద్ధం మాత్రం కొండలకే పరిమితమైంది. 2008 ముంబై దాడి తర్వాత సైనిక చర్యే లేదు. 2016లో ఉరీ దాడికి బదులుగా కమాండోలు రేఖ దాటి కొద్ది దూరం వెళ్లొచ్చారు. 2019లో, పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయాక, విమానాలు పాక్ అసలు భూభాగంలోని బాలాకోట్ దాకా పోయాయి. 2025లో పహల్గాంలో 26 మంది హత్య తర్వాత మే 7న తొమ్మిది స్థావరాల మీద దాడితో మొదలై, నాలుగు రోజుల్లో క్షిపణులు, డ్రోన్లు, వైమానిక స్థావరాల దాకా వెళ్లింది.

ప్రతిసారీ ముందుసారి ఆగిన మెట్టు ఈసారి మొదటి మెట్టు అవుతోంది. పోయినసారి ఇంత చేసినా ఏమీ కాలేదు కదా అన్న పాఠాన్ని ఇద్దరూ నేర్చుకుంటున్నారు. ఆ 'ఏమీ కాలేదు'లో అదృష్టం వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టరు. 2019 ఫిబ్రవరి 27న శ్రీనగర్ దగ్గర బుడ్గాంలో మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను మన క్షిపణే కూల్చింది. ఆరుగురు వైమానిక దళ సిబ్బంది, కింద ఒక పౌరుడు చనిపోయారు. సొంత హెలికాప్టర్‌నే పోల్చుకోలేని ఉద్రిక్తతలో పరాయి క్షిపణి ముక్కులో ఏముందో పోల్చుకోమంటున్నాం.

నూర్‌ఖాన్ విషయం అందుకే ఇంత ముఖ్యం. అది పాక్ వైమానిక దళం రవాణా, ఇంధనం నింపే విమానాల స్థావరం. సంప్రదాయ యుద్ధంలో న్యాయమైన లక్ష్యమే. కానీ పాక్ అణ్వాయుధాల బాగోగులు చూసే స్ట్రాటజిక్ ప్లాన్స్ డివిజన్ కార్యాలయాలు దానికి దగ్గర్లోనే ఉన్నాయి. విమానాల మీద దాడి అని ఢిల్లీ అనుకుంటుంది. అణు వ్యవస్థ తల మీద దెబ్బకు రిహార్సల్ అని రావల్పిండి అనుకోవచ్చు. అదే రోజు పాక్ ప్రధాని అణ్వాయుధాల మీద నిర్ణయం తీసుకునే నేషనల్ కమాండ్ అథారిటీ సమావేశం పిలిచారని వార్త వచ్చింది, తర్వాత అలాంటి సమావేశం ఏదీ లేదని రక్షణ మంత్రి ఖవాజా ఆసిఫ్ అన్నారు. అది ప్రపంచానికి వినిపించడానికి కొట్టిన గంట కావచ్చు. గంట శబ్దానికి, అలారానికి తేడా తెలియనప్పుడు గంట కొట్టడం కూడా ప్రమాదమే.

మధ్యాహ్నం 3:35కు పాక్ సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరల్ భారత్‌లో అదే పదవిలో ఉన్న అధికారికి ఫోన్ చేశారు, సాయంత్రం 5 గంటల నుంచి కాల్పులు ఆపాలని అనుకున్నారు. 1971 యుద్ధం తర్వాత ఏర్పాటైన ఆ పాత ఫోను లైనే చివరికి పనికొచ్చింది. అమెరికా ఎంత ఒత్తిడి తెచ్చిందన్న దాని మీద రెండు దేశాల కథనాలు వేరు. ఈలోపు పాక్‌లోని కిరానా కొండల్లో అణు నిల్వల మీద బాంబు పడిందని, రేడియేషన్ లీకైందని వాట్సాప్ నిండా వీడియోలు. కిరానాను కొట్టలేదని ఎయిర్ మార్షల్ ఎ.కె. భారతి మే 12న స్పష్టంగా చెప్పారు, లీకేజీ లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ చెప్పింది. అప్పటికే యుద్ధం ఆగింది కాబట్టి సరిపోయింది. అదే పుకారు మే 10 ఉదయం, ఎవరేం కొట్టారో తెలియని గంటల్లో ఊపందుకుని ఉంటే అది నిఘా నివేదికల్లోకీ చేరి ఉండేది.

బాంబు పడితే

ఈ రెండు దేశాల వార్‌హెడ్‌లు ఎక్కువగా హిరోషిమా స్థాయికి అటూ ఇటూ అని అంచనా. హిరోషిమా బాంబు 15 కిలోటన్నులు. అంత బాంబు గాలిలో పేలితే ఇటుక ఇళ్లను కూల్చే పీడనం 1.8 కిలోమీటర్ల దాకా ఉంటుంది. చార్మినార్ కేంద్రంగా ఆ వృత్తం గీస్తే హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనం రెండూ లోపలే పడతాయి. హిరోషిమాలో వైద్యులు, నర్సుల్లో దాదాపు తొంభై శాతం చనిపోయారు లేదా గాయపడ్డారు. కాలిన గాయాల వార్డులో పడకలు మామూలు రోజుల్లోనే చాలని నగరాల్లో ఆ స్థితి ఊహించుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు.

గాలిలో పేలితే విధ్వంసం ఎక్కువ, స్థానికంగా రాలే ధూళి తక్కువ. నేలను తాకి పేలితే మట్టి పైకి లేచి రేడియోధార్మిక ధూళిగా గాలివాలున పదుల కిలోమీటర్లు పడుతుంది. ఈ ధూళి గురించి గుర్తుపెట్టుకోదగ్గ లెక్క ఒకటుంది: సమయం ఏడు రెట్లయితే తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. పేలిన గంటకు వంద ఉంటే ఏడు గంటలకు పది, రెండు రోజులకు ఒకటి. అందుకే బయటపడి పరుగెత్తేవాళ్ల కన్నా మొదటి రెండు రోజులు కాంక్రీటు భవనం నడిమి గదిలో, బయటి గోడలకు, పైకప్పుకు దూరంగా ఉండిపోయినవాళ్లకే బతికే అవకాశం ఎక్కువ. 2025 మే 7న హైదరాబాద్, విశాఖల్లో జరిగిన మాక్ డ్రిల్‌లో సైరన్లు మోగాయి. వైమానిక దాడికి అది సరిపోయే కసరత్తు, ఈ లెక్క జనానికి నేర్పే కసరత్తు కాదు.

నగరాలు కాలితే లేచే మసి ఎక్కడిదాకా పోతుందన్నది వేరే చర్చ. 2019లో అమెరికా శాస్త్రవేత్తల బృందం ఒకటి భారత్-పాక్ అణుయుద్ధంలో తక్షణ మరణాలే 5 నుంచి 12.5 కోట్ల దాకా ఉండవచ్చని, మసి వల్ల భూమి మీద పడే సూర్యకాంతి 20-35 శాతం, వర్షపాతం 15-30 శాతం తగ్గవచ్చని లెక్కగట్టింది. అంత మసి అంత ఎత్తుకు లేవదని 2018లో లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్లు వేరే లెక్క చూపించారు. తేడా ప్రధానంగా నగరంలో మండే సరుకు ఎంత, మంట ఎంత ఉధృతంగా ఉంటుంది అన్న ఊహల్లో ఉంది. తక్కువ అంచనాను నమ్మినా, నైరుతి వానలు పదిహేను రోజులు ఆలస్యమైతేనే నారుమడులు ఎండిపోయే ప్రాంతానికి అది ఊరటనిచ్చే మాటేమీ కాదు.

ఒప్పందాలు దేన్ని చూస్తాయి

ఇంత వైరంలోనూ కొన్ని ఒప్పందాలు నిలబడ్డాయి. యుద్ధ విమానాలు ఒకరి గగనతలానికి పది కిలోమీటర్ల లోపు రాకూడదన్నది 1991 నాటిది. 2005 అక్టోబర్ 3 ఒప్పందం ప్రకారం బాలిస్టిక్ క్షిపణి పరీక్షకు కనీసం మూడు రోజుల ముందు చెప్పాలి. ప్రయోగ స్థలం సరిహద్దుకు 40 కిలోమీటర్లకు, పడే చోటు 70 కిలోమీటర్లకు తక్కువ దూరంలో ఉండకూడదు. వివరంగా రాసుకున్న మంచి ఒప్పందం. అందులో క్రూయిజ్ క్షిపణి ఊసే లేదు. ఆ ఆగస్టులో అవగాహన కుదిరిన కొద్ది రోజులకే, 11న, పాక్ తన బాబర్ క్రూయిజ్ క్షిపణిని ముందు చెప్పకుండానే పరీక్షించింది. ఉల్లంఘన కాదు, ఒప్పందంలో లేదు కదా. మియాన్ చన్నూలో పడింది క్రూయిజ్ క్షిపణి. నూర్‌ఖాన్ గురించి సనావుల్లా చెప్పిందీ క్రూయిజ్ క్షిపణి గురించే. 2025 మేలో వందలుగా ఎగిరిన డ్రోన్లు 2005లో ఎవరి ఊహలోనూ లేవు.

చేయగల పనులు కష్టమైనవేమీ కావు. పరీక్షల ముందస్తు సమాచారంలో క్రూయిజ్ క్షిపణులను చేర్చడం. పొరపాటున ఏదైనా సరిహద్దు దాటితే ఎన్ని నిమిషాల్లో ఫోను చేయాలో, ఎవరు చేయాలో రాసుకోవడం. 2022లో పొరపాటు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. అణు వార్‌హెడ్ మోయగల క్షిపణిని, సంప్రదాయ క్షిపణిని వేర్వేరు దళాల కింద, వేర్వేరు స్థావరాల్లో ఉంచడం. 2025 ఆగస్టులో పాక్ ప్రకటించిన ఆర్మీ రాకెట్ ఫోర్స్ ఈ చివరి దిశలో పనికిరావచ్చు, సంప్రదాయ క్షిపణులను అణు వ్యవస్థ నుంచి నిజంగా విడదీస్తేనే. కలగలిపితే ఇప్పటికన్నా గందరగోళం.

అన్నిటికన్నా పాతది 1988 డిసెంబర్ 31న ఇస్లామాబాద్‌లో కుదిరింది: ఒకరి అణు స్థావరాల మీద ఒకరు దాడి చేయకూడదు, ఏటా జనవరి 1న వాటి జాబితాలు ఇచ్చిపుచ్చుకోవాలి. 1992 నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. కార్గిల్ ఆపలేదు, ముంబై ఆపలేదు. 2025 జనవరి 1న 34వసారి జాబితాలు మారాయి, నాలుగు నెలల తర్వాత క్షిపణులు ఎగిరాయి. ఆ ఒప్పందం లెక్కలో అణు స్థావరం అంటే రియాక్టర్లు, ఇంధనం తయారుచేసే, శుద్ధిచేసే కేంద్రాలు, రేడియోధార్మిక పదార్థం ఎక్కువగా నిల్వ ఉన్న చోట్లు. ఆదేశాలు బయల్దేరే కార్యాలయాలు, హెచ్చరిక రాడార్లు, లాంచర్లు నిలిపే షెడ్లు, జలాంతర్గాములతో మాట్లాడే యాంటెన్నాలు ఆ నిర్వచనంలోకి రావు.